కేసముద్రం చేరని రోజు: మామ జీపు, దాని క్లచ్

ఈ ప్రయాణం మా అత్త చేసిన ఒక ఫోనుతో మొదలైంది. డిసెంబరు మొదట్లో ఒకరోజు పొద్దున, నేను కాలేజీకి తయారవుతుంటే చేసింది. ఆమె భర్త యాకయ్య మా అమ్మకు తమ్ముడు. వాళ్ల ఊరు వర్ధన్నపేటకు ఐదారు కిలోమీటర్ల లోపల ఉంటుంది. మామ ఇరవై ఆరేళ్లుగా ఒకే జీపు నడుపుతున్నాడు. పల్లెల నుంచి వర్ధన్నపేట అంగడికి, పర్వతగిరికి, కేసముద్రం మార్కెట్టుకు మనుషుల్ని, బస్తాల్ని చేరవేయడమే ఆయన బతుకుతెరువు. "మూడు నెలల సంది మీ మామ ఎవ్వలనీ జీపు ఎక్కనిస్తలేడు బిడ్డా," అంది అత్త. "బస్తాలైతె ఏసుకపోతాండు. మనుషులు చెయ్యెత్తితె ఆపకుంట పోతాండు. ఎందుకని అడిగితె నోరిప్పడు. నీ రాతల పని మీద వచ్చినట్టు వచ్చి ఒక్కసారి ఎక్కు. ఏం సంగతో జర చూడు."

హన్మకొండలో ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పడం నా ఉద్యోగం. సెలవు దొరికితే పదహారేళ్ల నాటి నా పాత కారేసుకుని చుట్టుపక్కల రోడ్లన్నీ తిరుగుతాను, తిరిగింది ఇక్కడ రాస్తాను. మామ జీపులో కేసముద్రం దాకా వెళ్లి ఆ దారి గురించి, అక్కడి మార్కెట్టు గురించి రాయాలని చాలా రోజులుగా ఉంది. నిజం చెప్పాలంటే ఈసారి మాత్రం దారి కన్నా మామ కోసమే బయలుదేరాను. శుక్రవారం సెలవు పెట్టి, పొద్దున ఏడు గంటలకు హన్మకొండలో తొర్రూరు వైపు వెళ్లే బస్సు ఎక్కాను. ఆడవాళ్లకు టికెట్టు లేదు కాబట్టి ఆధార్ చూపించి సున్నా టికెట్టు తీసుకున్నాను. గంట తిరక్కుండా వర్ధన్నపేటలో దిగాను. కేసముద్రం మాత్రమే చూడాలనుకునేవాళ్లకు వరంగల్ స్టేషన్‌లో ప్యాసింజరు రైలు ఎక్కడం తేలిక. నెక్కొండ మీదుగా పోతుంది, రోడ్డు కన్నా తొందరగా చేరతారు. రోడ్డున వెళ్లాలంటే నాలాగా ఖమ్మం రోడ్డులో వర్ధన్నపేట దాకా వచ్చి, ఎడమకు తిరిగి పర్వతగిరి మీదుగా పోవాలి. సొంత బండి ఉంటే అక్కడి నుంచి గంటంబావు దారి.

మామ బస్టాండు బయట జీపు ఆపుకుని ఉన్నాడు. వెనక ఆరు బస్తాల మొక్కజొన్నలు, ఇక్కడి మాటలో మక్కలు, ఉన్నాయి. అరవై రెండేళ్ల మనిషి, నేను చివరిసారి చూసినప్పటికన్నా బాగా చిక్కిపోయాడు. నన్ను చూసి నవ్వాడు గానీ, జీపు ఎక్కబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు. "మార్కెట్టుకు పోయే బస్సు ఇప్పుడే వస్తది బిడ్డా. నువ్వు అండ్ల రా. నేను ముందుగాల పోయి బస్తాలు దించి గేటు కాడ నిలవడ్త," అన్నాడు. నేను నవ్వేసి ముందు సీట్లో కూర్చున్నాను. దిగనని అర్థమయ్యాక, తాళంచెవి చేతిలో పట్టుకుని కాసేపు అక్కడే నిలబడ్డాడు. తర్వాత చెప్పులు విడిచి సీటు కింద పెట్టి ఎక్కాడు. ఉత్త కాళ్లతో నడపడం ఆయనకు మొదటి నుంచీ అలవాటు.

ఎనిమిది గంటలకు కదిలాం. చలి ఇంకా విడవలేదు. రోడ్డుకు రెండు వైపులా ఏరకుండా మిగిలిన పత్తి చేలు తెల్లగా కనిపిస్తున్నాయి. ఫర్లాంగు పోకముందే జీపు బాగా లేదని తెలిసింది. మొదటి గేరు నుంచి రెండో గేరుకు మార్చినప్పుడల్లా పళ్లు రాసుకున్న చప్పుడు గరగరమని వినిపించింది. ఒక చెరువు కట్ట ఎక్కుతుంటే ఇంజను గొంతు పెరిగింది కానీ జీపు వేగం పెరగలేదు. కట్ట దిగేసరికి కాలిన గోనెపట్టా వాసన లోపలికి వచ్చింది. పాత బండి నడిపేవాళ్లు ఈ వాసనను మరిచిపోరు. ఇంజను తిప్పే బలాన్ని గేరుబాక్సుకు అందించే క్లచ్ ప్లేటు పట్టు లేక జారుతూ, రాపిడికి వేడెక్కి కాలుతున్న వాసన అది.

"క్లచ్ ప్లేటు అయిపోయినట్టుంది మామా," అన్నాను.

"ఉగాదికే కొత్తది ఏసిన."

"అంతకుముందుది?"

"అంతకుముందు దసరాకు." గేరు మార్చి మళ్లీ అన్నాడు. "ఎన్కట ఒక్కటేస్తె నాలుగేండ్లు నడిచేది. ఇప్పటి సామాను మంచిగ వస్తలేదు."

నన్ను ఇబ్బంది పెట్టింది ఇంకొకటి. గేరు మార్చే ప్రతిసారీ మామ తల వంచి కిందికి చూస్తున్నాడు. ఇరవై ఆరేళ్లు నడిపిన మనిషికి పెడల్ ఎక్కడుందో చూసుకోవాల్సిన పని లేదు. ఒకసారి ఎదురుగా గొర్ల మంద వస్తున్నా ఆయన చూపు కిందే ఉంది. "మామా, ముందు చూడు," అని నేను భుజం పట్టుకున్నాను. బ్రేకు గట్టిగా వేసి ఆపాడు. మంద రోడ్డు దాటాక మళ్లీ కదిలాం.

పర్వతగిరి దాటాక ఇంకో ఎత్తు వచ్చింది. అక్కడ జీపు దాదాపు నిలిచిపోయింది. ఎలాగోలా ఎక్కించి, తొమ్మిదింబావుకు ఒక అడ్డరోడ్డు దగ్గర రేకుల షెడ్డు ముందు ఆపాడు. అది పాషా భాయ్ షెడ్డు. అసలు పేరు యాకూబ్ పాషా. వరంగల్‌లో లారీల మెకానిక్‌గా చాలా ఏళ్లు చేసి, పదేళ్ల కిందట సొంతూరికి తిరిగొచ్చాడట. వయసులో మామ కన్నా మూడు నాలుగేళ్లు చిన్న. ఇద్దరి పేర్లూ అన్నారం దర్గాలోని యాకూబ్ అనే పీరుకు మొక్కి పెట్టినవే. ఈ చుట్టుపక్కల హిందువుల ఇళ్లలో యాకయ్యలు, ముస్లింల ఇళ్లలో యాకూబ్‌లు ఎందరో ఉంటారు. నాకు కుర్చీ వేస్తూ పాషా భాయ్ కూడా ఆ మాటే అన్నాడు. "మా ఇద్దరి అమ్మలు ఒక్క తాన్నే మొక్కిన్రమ్మా. ఈయనకు జీపిచ్చిండు, నాకు ఈ జీపు బాగుజేసే పనిచ్చిండు."

పాత బండి క్లచ్‌ను చూసే పద్ధతి ఏమిటో ఆ రోజు నేను దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. పాషా భాయ్ వెంటనే స్పానర్ పట్టుకోలేదు. మొదట ఇంజను ఆపించి, క్లచ్ పెడల్‌ను చేత్తో మెల్లగా నొక్కి చూశాడు. పెడల్ బరువు తగలకముందు కొంచెం వదులుగా దిగాలి. రెండు వేళ్ల మందం దిగింది. "ఇది కరెక్ట్ ఉన్నది," అన్నాడు. తర్వాత ఇంజను స్టార్ట్ చేసి, గేరు వేయకుండా పెడల్ తొక్కుతూ వదులుతూ చెవి పెట్టి విన్నాడు. తొక్కినప్పుడు సన్నగా కీచుమంటోంది. వదిలితే ఆగిపోతోంది. "తొక్కితె అరిస్తె క్లచ్ బేరింగు అమ్మా. ఇడిస్తె అరిస్తె గేరుబాక్సు లోపటి బేరింగు. రెండోదైతె పెద్ద పని. ఇది మొదటిదే," అని నాకు వివరించాడు.

ఆ తర్వాత మామను నడపమని తాను పక్కన కూర్చున్నాడు. నేను వెనక బస్తాల మీద కూర్చున్నాను. కిలోమీటరు పోయి వచ్చాం. రెండో గేరు ప్రతిసారీ గరగరమంది. వెనక్కి తిప్పడానికి రివర్స్ వేస్తే ఇంకా గట్టిగా అరిచింది. పాషా భాయ్ "దిగు అన్నా, నేను తోల్త," అని స్టీరింగ్ ముందుకు వచ్చాడు. అదే రోడ్డు మీద అంతే దూరం తీసుకెళ్లాడు. ఎత్తులో జీపు జారడం జారింది, వాసన కూడా వచ్చింది. కానీ గేర్లు ఒక్కసారి కూడా అరవలేదు. రెండోది, మూడోది, రివర్స్, అన్నీ చప్పుడు లేకుండా పడ్డాయి. తప్పు గేర్లది కాదని నాకు అర్థమైంది. అద్దంలో మామ ముఖం చూశాను. ఆయన కిటికీ బయటికి చూస్తున్నాడు.

షెడ్డుకు వచ్చాక పాషా భాయ్ చాయ్ తెప్పించి, నెమ్మదిగా మొదలుపెట్టాడు. "గేరు అరిసిందంటె క్లచ్ పూరా ఇడుస్తలేదని అర్థం. ప్లేటు జారిందంటె క్లచ్ పూరా పట్టుకుంటలేదని. ఒకటి తక్కువ తొక్కుడు, ఒకటి ఎక్కువ తొక్కుడు. ఒక్క పెడల్‌కు రెండు బీమార్లు ఒక్కసారే రావు అన్నా. ఇప్పి చూద్దాం."

"ప్లేటే ఖరాబున్నది, ఇంకేం లేదు," అన్నాడు మామ.

గేరుబాక్సు దించడానికి గంటన్నర పట్టింది. పదకొండున్నరకు లోపలి భాగాలన్నీ ఒక పట్టా మీద వరసగా పరిచాడు. మామను పిలవలేదు, నన్నే పిలిచి చూపించాడు. ప్లేటు అరిగి, దాన్ని పట్టి ఉంచే రివెట్ల తలలు బయటపడ్డాయి. ఇంజను నూనె కారి ప్లేటు మీద పడితే కూడా ఇలాగే జారుతుందట. అందుకని వేలితో రుద్ది చూపించాడు, ఎక్కడా జిడ్డు లేదు. ప్లేటును ఒత్తి పట్టే ఇనుప పళ్లెం మీద అక్కడక్కడా నీలం మచ్చలు ఉన్నాయి. విపరీతంగా వేడెక్కిన ఇనుముకు ఆ రంగు వస్తుంది. పళ్లెం మధ్యలో పువ్వు రేకుల్లా ఉన్న స్ప్రింగు కొసలు నున్నగా, గుంటలు పడి అరిగిపోయాయి. బేరింగు ఎప్పుడూ వాటికి ఆనుకుని తిరిగితేనే అలా అరుగుతాయి.

"పెడల్ మీద కాలు ఆనిచ్చి తోలెటోళ్ల బండ్లు ఇట్లనే ఉంటయమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. "కొత్తగ నేర్చుకునెటోళ్లు జేస్తరు. యాకయ్యన్న నాకు నేర్పిచ్చే మనిషి. ఈయన చేసే తప్పు కాదిది."

లేచి వెళ్లి జీపు తలుపు తీసి, కింద కూర్చుని పెడల్ చూశాడు. దాని మీద ఉండాల్సిన రబ్బరు ఎప్పుడో ఊడిపోయింది. ఉత్త ఇనుము, ఒక అంచు పదునుగా అరిగింది. ఆ అంచు మీద ఎండిపోయిన నల్లటి మరక ఉంది. గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను వేళ్ల మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అది నూనె కాదు. గుడ్డ అక్కడే పెట్టేసి, చేతులు కడుక్కుని మామ దగ్గరకు వచ్చి మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"ఎడమ కాలు చూపియ్ అన్నా."

"కాలుకేమైంది? ఏం కాలె."

"ఏం కాకపోతె చూపియ్."

పాషా భాయ్ తానే ఆ కాలు ఎత్తి తన తొడ మీద పెట్టుకున్నాడు. అరికాలిలో, చిటికెన వేలి కింద, రూపాయి బిళ్లంత పుండు ఉంది. అంచులు తెల్లబడి గట్టిపడ్డాయి, మధ్యలో లోతుగా ఉంది. వేలు నల్లబడటం మొదలైంది. మామ ముందుకు వంగి దాన్ని చూశాడు. వేరే ఎవరి కాలో చూస్తున్నట్టు చూశాడు.

"ఇంత అయిందని నాకు తెల్వదు," అన్నాడు. "నొప్పి లేదు."

"నొప్పి లేకుంటెనే భయపడాలె అన్నా. మా పెద్దన్నకు గిట్లనే మొదలైంది. ముల్లు ఇరిగి లోపట ఉంటె నెల రోజులు తెల్వనే తెల్వదాయనకు. మోకాలు దాక తీసేసిన్రు. షుగర్ ఎన్నేండ్ల సంది ఉన్నది నీకు?"

"తొమ్మిదేండ్లు."

"గోలీలు?"

మామ ఆ మాట దాటేసి కాలు వెనక్కి తీసుకున్నాడు. తర్వాత మెల్లగా అసలు సంగతి చెప్పాడు. ఏడాది నుంచి ఎడమ పాదం మొద్దుబారిపోయింది. పెడల్ మీద కాలు ఉందో లేదో తెలియదు, ఎంత తొక్కాడో తెలియదు, చూసుకుంటేనే తెలుస్తుంది. అందుకని కాలు ఎప్పుడూ పెడల్ మీదే ఉంచడం అలవాటు చేసుకున్నాడు. తీస్తే మళ్లీ ఎక్కడ పెట్టాలో వెతుక్కోవాలి కదా. రెండు ప్లేట్లు అరిగిపోవడానికి, గేర్లు అరవడానికి కారణం అదే. "ఎవ్వలికన్న చెప్తె తోలుడు బంద్ జెయ్యమంటరు. జీపు లేకుంట నేనేం జెయ్యాలె?" అన్నాడు. నాతో కాదు, పాషా భాయ్‌తో అన్నాడు.

కొత్త ప్లేటు, పళ్లెం, బేరింగు వరంగల్ నుంచి బస్సులో రావాలి. అవి వచ్చేలోపు పాషా భాయ్ ఆటో పిలిచి మమ్మల్ని పర్వతగిరి సర్కారు దవాఖానకు పంపాడు. అక్కడి డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, ఓపికగా చూసింది. అరికాలి మీద ఒక సన్నటి తీగ ఆనించి, "తగిలిందా తాతా?" అని పది చోట్ల అడిగింది. మామ కళ్లు మూసుకుని ఏడు చోట్ల తగల్లేదన్నాడు. ఆమె పుండు కడిగి కట్టు కట్టి, ఇవాళే వరంగల్ పెద్ద దవాఖానకు వెళ్లాలని, రేపు అనుకోవద్దని చెప్పి కాగితం రాసిచ్చింది. "ఈ కాలుతో బండి నడపొద్దు," అని నావైపు చూసి అంది. మామ తల వంచుకుని విన్నాడు.

బయట బెంచీ మీద కూర్చున్నప్పుడు, మధ్యాహ్నం ఒంటిగంట దాటాక, నేను అడగకుండానే మిగతాది చెప్పాడు. సెప్టెంబరులో, బతుకమ్మ పండుగకు ముందు, వర్ధన్నపేట అంగడి రోజున వాళ్ల పక్క ఊరి కొమురమ్మ కూరగాయల గంపతో జీపు ఎక్కబోయింది. ఇరవై ఏళ్లుగా ఆమె ఆ జీపులోనే అంగడికి పోతోంది. ఒక కాలు మెట్టు మీద పెట్టింది. మామ మొదటి గేరు వేసి క్లచ్ తొక్కి పట్టుకున్నాననుకున్నాడు. కాలు పెడల్ మీది నుంచి పక్కకు జారిన సంగతి ఆయనకు తెలియలేదు. జీపు ఎగిరి ముందుకు దూకింది. ఆమె రోడ్డు మీద పడింది, కుడి చెయ్యి మణికట్టు దగ్గర విరిగింది.

"దవాఖానకు నేనే తీస్కపోయిన. అందరు ఎట్లయిందని అడుగుతె ఆమె, నాకే కాలు జారింది, ముసలిదాన్నయిన అన్నది. ఆమెకట్లనే అనిపిచ్చింది." మామ కట్టు కట్టిన కాలు వైపు చూశాడు. "నేను గూడ, అవును జారింది అన్న బిడ్డా. ఆమె ముంగటనే అన్న. గప్పటి సంది ఎవ్వలనన్న ఎక్కిచ్చుకోవాల్నంటె మళ్ల జీపు దుంకుతదేమోనని భయమైతాంది."

"నన్నెందుకు ఎక్కించుకున్నావు మరి?"

"నువ్వు దిగితివా?" అన్నాడు.

వరంగల్‌కు జీపులోనే వెళ్దామని షెడ్డుకు తిరిగొచ్చాం. మూడున్నరకు అది సిద్ధమైంది. ప్లేటు, పళ్లెం, బేరింగు, పని కలిపి ఏడు వేల లోపే అయింది. పెడల్‌కు కొత్త రబ్బరు కూడా వేశాడు పాషా భాయ్. మక్కల బస్తాలు షెడ్డులో దింపించాడు. మర్నాడు కేసముద్రం పోయే ఆటోలో పంపిస్తానని చెప్పాడు, అలాగే పంపించాడు కూడా. కొత్త ప్లేటు కుదురుకునే దాకా బరువు ఎక్కించొద్దని, ఎత్తుల్లో క్లచ్ సగం తొక్కి పట్టి ఆపొద్దని నాకు జాగ్రత్తలు చెప్పాడు. తాళంచెవి నా చేతిలో పెట్టాడు. మామ ఒక క్షణం ఆ చేతి వైపు చూసి, చుట్టూ తిరిగి వెళ్లి ఎడమ సీట్లో కూర్చున్నాడు. ఆ జీపులో అటువైపు కూర్చోవడం ఆయనకు అదే మొదటిసారట.

నా కారు పాతదే అయినా జీపు వేరు. స్టీరింగ్ బరువు, గేరు రాడ్డు పొడుగు. మొదటి రెండు కిలోమీటర్లు భయపడుతూ నడిపాను. గేర్లు మెత్తగా పడుతున్నాయి. వర్ధన్నపేట ఇంకా ఏడెనిమిది కిలోమీటర్లు ఉందనగా, మామ ఒక మట్టిరోడ్డు చూపించి, "ఇటు మలుపు," అన్నాడు. కొమురమ్మ ఊరు అదే. డాక్టరమ్మ మాట గుర్తుచేశాను. "పది నిమిషాలు. దవాఖానల చేరినంక మళ్ల ఎప్పుడొస్తనో," అన్నాడు. నేను తిప్పాను.

కొమురమ్మ ఇంటి ముందు అరుగు మీద కూర్చుని ఎడమ చేత్తో చిక్కుడుకాయలు ఏరుతోంది. కుడి మణికట్టు కొంచెం వంకరగా అతుక్కుంది. అరవై ఐదేళ్లు దాటి ఉంటాయి. కోడలు రమ లోపలి నుంచి వచ్చి మాకు మంచినీళ్లు ఇచ్చింది. మామ కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. "కొమురక్కా, ఆ రోజు నువ్వు జారలె. నా కాలుకు సోయి లేదు. క్లచ్ మీది నుంచి కాలు తప్పింది, జీపు దుంకింది. నాకు అప్పుడే తెలుసు. తెలిసి గూడ చెప్పలె."

ఆమె చేతిలోని కాయ గంపలో వేసింది. మామ ముఖంలోకి చూసింది. "జారలేదా నేను?" అంది.

"లేదక్కా."

"మూడు నెలలాయె యాకయ్యా. నా కాళ్లు పనికిరాకుండయినయని, కండ్లు మసకవడ్డయని అనుకుంట కూసున్న. గడప దాటాల్నన్న గోడ పట్టుకుంటాన." ఆమె గొంతు పెరగలేదు. "అంగడికి పోత అంటె ఇది పోనిస్తలేదు, మళ్ల పడ్తవని. ఈ మాట నాకు కాదు చెప్పాల్సింది. దానికి చెప్పు."

మామ కోడలి వైపు తిరిగి, మొదటి నుంచి చివరి దాకా మళ్లీ చెప్పాడు. రమ వినీ వినీ, "ముసలామె చెయ్యి ఇరగ్గొట్టి, ఆమె మీదనే పెడ్తివా మామా?" అంది. మామ అవునన్నాడు. ఇంకే మాటా కలపలేదు. క్షమించమని కూడా అడగలేదు, వాళ్లూ క్షమించామని అనలేదు. మేం జీపు దగ్గరకు వస్తుంటే కొమురమ్మ అరుగు మీది నుంచి లేచి నిలబడింది. గోడ పట్టుకోబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది. మెట్లు దిగి వాకిట్లోకి నాలుగడుగులు నడిచి వచ్చింది. "ఆ కట్టేంది కాలుకు?" అని అడిగింది. మామ చెప్పాడు. "పో మరి. ఆలస్యం జెయ్యకు," అంది.

ఆరు గంటలకు వరంగల్ చేరాం. దవాఖాన కాగితాల పని, పరీక్షలు, మందులు, ఇవన్నీ ఇక్కడ రాయను. మామ పందొమ్మిది రోజులు అక్కడే ఉన్నాడు. చిటికెన వేలు తీసేయాల్సి వచ్చింది, దాని పక్క వేలిలో సగం కూడా. పాదం నిలిచింది. ఇంకో రెండు వారాలు ఆలస్యమైతే అది కూడా దక్కేది కాదని డాక్టర్లు చెప్పారు. ఇప్పుడు మెత్తటి ప్రత్యేకమైన చెప్పులతో నడుస్తున్నాడు, గోలీలు అత్త ముందు వేసుకుంటున్నాడు. జీపును పక్క ఊరి డ్రైవరుకు అప్పగించాడు. మనుషులు మళ్లీ ఎక్కుతున్నారు. కొమురమ్మ అంగడికి వస్తోందట, అయితే బస్సులో వస్తోంది. జీపు ఆగి పిలిచినా ఎక్కడం లేదని అత్త చెప్పింది. మామ అందుకు ఏమీ అనుకోవడం లేదు.

ఇంటికి వచ్చాక చాలా రోజులు నన్ను వదలని ఆలోచన ఒకటుంది. మామ పక్కన గంటసేపు కూర్చుని, ప్లేటు కాలుతున్న వాసన నేను వెంటనే పట్టాను. ఆయన కాలు గురించి మాత్రం ఒక్క మాట అడగలేదు. బండి గురించి అడగడం తేలిక. దానికి ఎవరూ బాధపడరు, విడిభాగం తెప్పించి మార్చేయొచ్చు. ఏళ్ల తరబడి చేసిన పని ఇక చేతకావడం లేదని ఒక మనిషి చెప్పాలంటే, ఆ తర్వాత తాను ఏమవుతాడో ఆయనకు ముందు తెలియాలి. మామకు అది తెలియలేదు, మాలో ఎవరం చెప్పలేదు. అందుకే ఆయన ఏడాది పాటు ఒంటరిగా, కిందికి చూసుకుంటూ నడిపాడు. పాషా భాయ్ గనక కొత్త ప్లేటు వేసి పంపేసి ఉంటే, మేం ఆ రోజు కేసముద్రం చేరేవాళ్లం. మధ్యాహ్నానికి మార్కెట్టు చూసి, నేను సంతోషంగా రాసుకునేదాన్ని.

పాత బండిలో దూరం వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క సలహా. బయలుదేరే ముందు రోజు పగటి వెలుగులో, బండి నడపబోయే మనిషిని, ముఖ్యంగా షుగర్ ఉంటే, ఒక కుర్చీలో కూర్చోబెట్టి రెండు అరికాళ్లూ చూడండి. ఎవరూ తోడు లేకపోతే చేతి అద్దం నేల మీద పెట్టి, పాదం దాని మీదుగా ఎత్తి ఎవరికి వారే చూసుకోవచ్చు. అద్దం పదిహేను, ఇరవై రూపాయలకు ఏ గాజుల దుకాణంలోనైనా దొరుకుతుంది. టైర్లలో గాలి చూసుకున్నంత సేపు కూడా పట్టదు.